ఇంట్లో అన్ని లెక్కలూ చేస్తుంది, పరీక్షలో "నాకు రావు" అంటుంది

తొమ్మిదో తరగతి అమ్మ: స్లిప్ టెస్ట్ అంటే చాలు, మా పాప చేతులు చల్లబడిపోతాయి. నిన్న పేపరు చూశాను. సరైన జవాబే రాసి, రబ్బరుతో రుద్ది రుద్ది కాగితం చిల్లు పెట్టింది. పక్కనే తప్పు జవాబు. ధైర్యం లేక లెక్కలు పోతున్నాయా, లెక్కలు రాక ధైర్యం పోతోందా? ట్యూషన్ మార్చమంటారా?

గోదారిగట్టు: నన్ను ఏడో తరగతిలో బోర్డు దగ్గర నిలబెట్టి "నీ బుర్రలో మట్టి" అన్నారండీ. ఇప్పటికీ హోటల్ బిల్లు మా ఆవిడే చూస్తుంది.

రిటైర్డ్ మాస్టారు: 31 ఏళ్లు లెక్కలు చెప్పాను. ధైర్యం గీర్యం ఏమీ లేదమ్మా. ఇరవై ఎక్కాలు నోటికొస్తే అదే వస్తుంది.

సింగిల్ చాయ్: అలా తేల్చేస్తే ఎలా సార్? 2012లో పీసా అని చాలా దేశాల్లో పెట్టే పరీక్షలో పదిహేనేళ్ల పిల్లల్ని అడిగారు, టీవీ మీద 30 శాతం తగ్గిస్తే ఎంత తగ్గుతుందో చెప్పగలనని నీకెంత నమ్మకం అని. ఏ దేశంలో చూసినా నమ్మకం ఉన్నవాళ్లకే మార్కులెక్కువ. కానీ జపాన్, కొరియా పిల్లలకు మార్కులు బోలెడు, నమ్మకం మాత్రం తక్కువ.

బేరం బాబ్జీ: టీవీ అంటే గుర్తొచ్చింది. పండగకి 30 శాతం, కార్డు మీద ఇంకో 20 అన్నారు. సగం ధరకి రాలేదు. మోసం!

రిటైర్డ్ మాస్టారు: ముందు 20 తీసి, తర్వాత 30 తీయమనాల్సింది. మీకే లాభం.

సింగిల్ చాయ్: ఎటు తీసినా ఒకటే సార్. వందలో 30 పోతే 70, అందులో 20 శాతం 14, మిగిలేది 56. తిరగేయండి, 80లో 24 పోయినా 56.

రిటైర్డ్ మాస్టారు: నాకే పాఠమా బాబూ? ఎంతమందిని ఇంజనీర్లని చేశానో తెలుసా?

సింగిల్ చాయ్: ఇంజనీర్ల సంగతి కాదు, 56 సంగతి చెప్పండి.

వరంగల్ కిరాణం: మా కొట్లో పిల్లగాడు పదిలో లెక్కలు తప్పిండు. పావు కిలో, నూటయాభై గ్రాములు, అట్ల నాలుగు రకాలు తూచి సంచి ముడేసేలోపు మొత్తం చెప్తడు. ఎక్స్ అంటే మాత్రం ఉరుకుతడు.

పుల్లట్టు: సీబీఎస్ఈ పదో తరగతిలో 2020 నుంచి లెక్కలకి కాస్త తేలికైన బేసిక్ పేపరుంది, అందులో వేసేయండి.

గోదారిగట్టు: బేసిక్ అన్న రోజే "నీకు రావు" అని ముద్ర వేసినట్టు కదండీ.

తొమ్మిదో తరగతి అమ్మ: ట్యూషన్ గురించి ఒక్కరూ చెప్పలేదు. ఆ టీవీ లెక్క పాపనడిగాను. 56 అంది. వెంటనే నా మొహం చూసి "తప్పా?" అంది.

బేరం బాబ్జీ: కార్డు తగ్గింపు మూడు వేలు దాటదని చిన్న అక్షరాల్లో ఉందట. ఇది మోసమేనా మాస్టారూ?