1942 ఏప్రిల్ 6న మన తీరంలో అన్నేసి సరుకు ఓడలు ఎలా మునిగాయి?

లాసన్స్ బే వాసి: మొన్న విశాఖ మ్యూజియంలో పేలని జపాను బాంబు చూశాను. ఆ రోజు రేవు మీద బాంబులు వేశారని తెలుసు. కానీ అదే రోజు బంగాళాఖాతంలో ఓడలు వరసగా మునిగాయట. శత్రువుకి అంత కచ్చితంగా ఎలా తెలిసింది? డాల్ఫిన్స్ నోస్ కొండ మీద నుంచి ఎవరో దీపాలతో సిగ్నల్ ఇచ్చారని మా తాతగారు అనేవారు.

పాత చీఫ్ మేట్: దానికి గూఢచారి అక్కర్లేదు బాబూ. నేను సరుకు ఓడల మీద పనిచేసి రిటైరైనవాణ్ణి, ఆ దారి నాకు తెలుసు.

ముందు మ్యాప్ చూడు. మార్చి 8న రంగూన్ పోయింది, 23న అండమాన్ పోయింది. తూర్పు వైపు మనకి కాపలా కళ్లు లేవు. ఏప్రిల్ 1న బర్మాలోని మెర్గుయి రేవు నుంచి జపాను అడ్మిరల్ ఒజావా బయల్దేరాడు. ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక, భారీ క్రూజర్లు, డిస్ట్రాయర్లు అనే యుద్ధనౌకలు. వాటిని మూడు జట్లుగా విడదీసి తీరం పొడవునా పరిచాడు. విశాఖ, కాకినాడల మీదకి వచ్చినవి ర్యూజో విమానాలే.

అసలు నష్టం సముద్రంలో జరిగింది. బాంబుల భయంతో కలకత్తా రేవు ఖాళీ చేయించి ఓడల్ని దక్షిణానికి తోలేశారు. వెంట ఒక్క యుద్ధనౌక లేదు. బ్రిటిష్ తూర్పు నౌకాదళం అప్పుడు మాల్దీవుల వైపు అడ్డు అటాల్ దగ్గర ఉంది. ఏప్రిల్ 5న కొలంబో మీద ఇంకో జపాను అడ్మిరల్ నగుమో దాడి చేశాడు. డోర్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు బ్రిటిష్ క్రూజర్లు ఆ రోజే మునిగాయి. ఇక బంగాళాఖాతం వైపు చూసేదెవరు?

ఏప్రిల్‌లో ఇక్కడ సముద్రం నిలకడగా ఉంటుంది. బొగ్గు ఓడ పొగ చాలా దూరం నుంచే కనబడుతుంది. క్రూజర్ల మీద వెతకడానికి సీప్లేన్లు, అంటే నీటి మీద దిగే విమానాలు, ఉన్నాయి. సరుకు ఓడ పది నాట్ల (సముద్రంలో వేగం కొలత) వేగానికి అటూ ఇటూ నడుస్తుంది, క్రూజర్ ముప్పై దాటుతుంది. పారిపోవడం అన్న మాటే లేదు. మాల్డా, ఇండోరా, ఆటోలైకస్, అమెరికా ఓడ ఎక్స్‌మూర్ అన్నీ ఆ ఒక్క రోజులోనే పోయాయి. ఆ కొద్ది రోజుల్లో ఒజావా జట్లు ముంచినవి ఇరవై పైచిలుకు. ఒంటరిగా పంపడమే ఘోరం అని నేనంటాను. అండమాన్ పోయాక దాడి ఇటే వస్తుందని ఊహించాల్సింది.

కాకినాడ రేవు: మా ఇంట్లో ఇప్పటికీ ‘బాంబుల ఏడాది’ అనే అంటారండి. అందరూ పల్లెలకి వెళ్లిపోయారట. విశాఖలో అయితే షిప్‌యార్డ్ అప్పటికింకా కొత్త. 1941 జూన్‌లోనే రాజేంద్ర ప్రసాద్ గారు శంకుస్థాపన చేశారు.

లాసన్స్ బే వాసి: గురువుగారూ, ఆ ఓడల్లో మనవాళ్లెవరైనా ఉండేవారా?

పాత చీఫ్ మేట్: బ్రిటిష్ ఓడల్లో డెక్ మీద, బాయిలర్ రూమ్‌లో లాస్కర్లే ఎక్కువ. అంటే మన దేశపు కళాసీలు. ఫిరంగి గుండు తగిలితే కింద బొగ్గు వేసేవాడికి మెట్లెక్కే టైమే దొరకదు. నాకు బాధ అక్కడే. క్రూజర్ల పేర్లు అందరికీ తెలుసు, వాళ్ల పేర్లు ఎవరూ అడగరు. ఆ యుద్ధంలో పోయిన భారతీయ నావికుల పేర్లతో పుస్తకాలు రెండున్నాయి: ఒకటి ముంబయి సీమెన్స్ హోమ్‌లో, ఒకటి చిట్టగాంగ్ యుద్ధ శ్మశానంలో. మీ వంశంలో ఎవరైనా ఓడెక్కి తిరిగి రాలేదని చెప్పుకుంటే, ముందు అందులో వెతకండి.