‘లో స్టేక్స్’ని తెలుగులో ఏమందాం?

వట్రసుడి:
పెద్దలకు నమస్కారం. ఒక మాట దొరక్క వారం నుంచి తన్నుకుంటున్నాను. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల కోసం ఒక ఫాంటసీ నవల రాశాను. నవల అయిపోయింది గానీ వెనక అట్ట మీద వేయాల్సిన నాలుగు వాక్యాలు మాత్రం కుదరడం లేదు. ఇంగ్లీషులోనైతే ‘లో స్టేక్స్ ఫాంటసీ’ (పందెంలో పెట్టింది చిన్నదే అయిన ఫాంటసీ) అంటే చాలు, ఆ రకం ఇష్టపడేవాళ్లు వెంటనే అందుకుంటారు. అందులో లోకం అంతమైపోదు, సింహాసనం కోసం ఎవరూ కొట్టుకోరు, జోస్యంలో చెప్పిన ఏకైక వీరుడు పుట్టడు. మాయలూ మంత్రాలూ ఉంటాయి, కానీ కథంతా ఒక పిల్ల, ఆ పిల్ల చుట్టూ ఉన్న నలుగురైదుగురు.

నా కథ ఇదీ. పదిహేనేళ్ల అమ్మాయి ఒక పాత గ్రంథాలయంలో పనికి చేరుతుంది. అక్కడొక ముసలి దెయ్యం ఉంటుంది. బతికుండగా ఒక నవల సగంలో ఉండగానే పోయింది. ఇప్పుడు చదువుకుందామంటే పేజీ వేలికి ఆనదు. మిగతా సగం చదివి వినిపించమని పిల్లని అడుగుతుంది. పిల్ల సరేనంటుంది. వంద పేజీలు చదివాక తెలుస్తుంది, పుస్తకం పూర్తయితే దెయ్యం వెళ్లిపోతుందని. అప్పటికి ఆ పిల్లకి ఉన్న స్నేహితురాలు అదొక్కతే. ఇక అక్కణ్ణుంచి రోజుకో పేజీ, తర్వాత అర పేజీ, ఆ తర్వాత గొంతు నొప్పని వంక. అంతే కథ.

నేను రాసుకున్న మొదటి వాక్యం: ‘తన ఏకైక స్నేహాన్ని ఫణంగా పెట్టి...’ అది చదివి నా స్నేహితురాలు పకపకా నవ్వింది. అందుకే ఇక్కడికొచ్చాను. ‘స్వల్పపణ కాల్పనికం’ లాంటివి మాత్రం దయచేసి చెప్పకండి, కలలోకొస్తాయి.

అరసున్న:
అమ్మా, ముందు ఆ ‘ఫణం’ సంగతి తేల్చుకుందాం. ఫణం అంటే పాము పడగ. పాముని ఫణి అనేది అందుకే. పందెంలో పెట్టేది పణం, దానికి ఒత్తు లేదు. ‘ప్రాణాలు ఫణంగా పెట్టి’ అని పత్రికల్లో పడుతూనే ఉంటుంది. చదివినప్పుడల్లా ఎవరో ప్రాణాలు జాగ్రత్తగా తీసుకెళ్లి పడగ మీద పెట్టి వస్తున్నట్టు కనిపిస్తుంది నాకు. మీ స్నేహితురాలు నవ్వింది అందుక్కాకపోవచ్చు, నేను మాత్రం అందుకే నవ్వాను.

పణానికి సంస్కృతంలో పందెమనీ నాణెమనీ రెండర్థాలున్నాయి. అర్థశాస్త్రంలో జరిమానాలు లెక్కగట్టేది పణాల్లోనే. అచ్చతెలుగులో మనకి ‘ఒడ్డు’ అనే క్రియ ఉంది: ప్రాణాలొడ్డి, సర్వస్వం ఒడ్డి. ఈ రెండు మాటల్నీ సభాపర్వం వదలదు. ధర్మరాజు సంపదలు ఒడ్డాడు, తమ్ముళ్లని ఒడ్డాడు, తనను ఒడ్డుకున్నాడు, ఆఖరికి ద్రౌపదిని ఒడ్డాడు. ఆవిడ సభకి పంపిన ప్రశ్న కూడా పణం గురించినదే: ముందు తనను తాను ఓడాడా, నన్ను ఓడాడా అని. తనకి తానే సొంతం కానివాడు ఇంకొకరిని ఎలా ఒడ్డుతాడు? ఇంత బరువు మోసిన మాటకి ముందు ‘స్వల్ప’ తగిలిస్తే ఏనుగుని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టుంటుంది.

తలకట్టు:
మేష్టారితో నాదీ అదే మాట. అనువాదాల్లో ‘స్టేక్స్’ ఎదురైతే నేను నామవాచకం కోసం వెతకడం ఎప్పుడో మానేశాను. తెలుగులో మనం దాన్ని క్రియతోనే చెప్పుకుంటాం, ‘పోవడం’తో. ‘ఇందులో వాడికి పోయేదేముంది?’ అంటాం. ప్రాణం పోతుంది, పరువు పోతుంది, చెలిమి పోతుంది. మీ కథలో పోయేది ఒక దెయ్యం. పోయినావిడే మళ్లీ పోతోంది! ఇంత మంచి క్రియ చేతిలో పెట్టుకుని పణం దాకా ఎందుకు వెళ్లారు వట్రసుడిగారూ?

నకారపొల్లు:
ఏమీ జరగని కథకి పేరు కూడానా? వెనకటికి దీన్ని కాలక్షేపం అనేవారు, సరిపోయేది. నాకు తెలిసిన ఫాంటసీ జానపదమే. రాకుమారి ఉంటుంది, మాంత్రికుడుంటాడు, వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. చిలక మెడ విరిస్తే కథ కంచికి. ఉత్కంఠే లేకపోతే పదిహేనేళ్ల పిల్లలు ఎందుకు చదువుతారండీ?

కొమ్ము:
అంకుల్, నేను చదువుతాను. పదిహేడేళ్లు. లోకం మునిగిపోయే సిరీస్‌లు కూడా బోలెడు చదివాను. మూడో భాగానికొచ్చేసరికి భయం వేయడం మానేసింది. లోకం మునగదని తెలుసు, నాలుగో భాగం ఎప్పుడొస్తుందో ముందే చెప్పేశారుగా. అదే ఇద్దరు స్నేహితులు తగువు పడ్డారనుకోండి, మళ్లీ మాట్లాడుకుంటారో లేదో ఎవరికీ తెలీదు. రచయిత ఏమైనా చేయొచ్చు. నాకు నిజంగా భయమేసేది అక్కడే.

మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంటే అది మీ జానపదం. చిలక అలిగి గింజ ముట్టకపోతే, ఎందుకలిగిందో కనుక్కోవడమే కథంతా అయితే అది మాది.

నకారపొల్లు:
చిలక ఎందుకలిగింది?

కొమ్ము:
చూశారా.

తలకట్టు:
ఈ చిలక వాదనకి ఒక తోడు. ఎయికో కదోనో 1985లో జపనీస్‌లో రాసిన పుస్తకం, ఇంగ్లీషులో ‘కికీస్ డెలివరీ సర్వీస్’. పదమూడేళ్ల మంత్రగత్తె పిల్ల ఆనవాయితీ ప్రకారం ఇల్లు వదిలి, తెలియని ఊరు చేరి, చీపురు మీద ఎగురుతూ జనం సామాన్లు అందించి బతుకుతుంది. దుష్టుడంటూ ఒకడు లేడు. కొత్త ఊళ్లో ఈ పిల్లని ఎవరైనా తమ మనిషి అనుకుంటారా అన్నదొక్కటే ప్రశ్న. 1989లో జపాన్ దర్శకుడు మియజాకి దాన్ని యానిమేషన్ సినిమాగా తీసినప్పుడు పుస్తకంలో లేని ఎయిర్‌షిప్ ప్రమాదం ఒకటి చివర్లో వచ్చి చేరింది. తెరమీద ఎవరో ఒకరు గాల్లో వేలాడకపోతే ఊరుకోరు కాబోలు. ఆ సినిమా నాకూ ఇష్టమే, కానీ పుస్తకం చూపించిన ధైర్యం వేరు. కదోనోకి 2018లో, బాలసాహిత్యానికిచ్చే హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పురస్కారం వచ్చింది. ‘ఏమీ జరగని కథలు’ అనే ముందు అదొకటి గుర్తుంచుకోండి నకారపొల్లుగారూ.

ఇక ఆ ఇంగ్లీషు మాట ఈమధ్య ఇంతగా పాకడానికి కారణాల్లో ఒకటి 2022లో ట్రావిస్ బాల్డ్రీ రాసిన ‘లెజెండ్స్ అండ్ లాటేస్’. కత్తి పక్కన పడేసి కాఫీ షాపు పెట్టుకున్న ఒక ఓర్క్ కథ. ఓర్క్ అంటే ఫాంటసీల్లో కనిపించే రాక్షసజాతి. అది పిల్లల నవల కాదు, పెద్దలదే. కానీ దాని ఉపశీర్షికలో ‘హై ఫాంటసీ’ పక్కనే ‘లో స్టేక్స్’ అని పెట్టారు. చమత్కారమంతా హై, లో ఎదురుబొదురుగా నిలబడటంలో ఉంది. తెలుగులో ఆ జంట కుదరదు. ఎత్తు ఫాంటసీ, లోతు పందెం అని ఎవరూ అనరు. కాబట్టి ఆ మాటని తర్జుమా చేయడం కాదు మన పని, ఆ పుస్తకాల్ని చూసి మనకేమనిపిస్తుందో ఆ మాట అనడం.

అరసున్న:
అలాగైతే నాకు ‘నింపాది’ తోస్తోంది. నింపాది కథలు. చదువుతుంటే కుర్చీలో వెనక్కి వాలినట్టుంటుంది. ఈ మధ్య వాడుక తగ్గింది, మళ్లీ నలుగురి నోటా పడితే సంతోషం.

గుణింతం:
‘సేదతీర్చే కథలు’ ఎలా ఉంది? జపనీస్‌లో ఇలాంటి కథలకి ‘ఇయాషికెయ్’ అనే పేరుందట, నొప్పి మాన్పే తరహా అని అర్థం.

తలకట్టు:
రెండూ మంచి మాటలే, కానీ రెండూ వేరేవాటికి పేర్లు. నింపాది అన్నది నడకకి పేరు. లోకం మునిగే కథనీ నింపాదిగా చెప్పొచ్చు, వెయ్యి పేజీలు చెప్పినవాళ్లున్నారు. సేద తీరడం చదివేవాడికి జరిగేది. కథలో పోయేది పెద్దదా చిన్నదా అన్నది మూడోది. వట్రసుడిగారు అడుగుతున్నది మూడోదాన్ని. ఇంగ్లీషులో ‘కోజీ’ (వెచ్చగా, హాయిగా ఉండేది) అనే సంచీలో ఈ మూడింటినీ కలిపి మూటగట్టేశారు, అందుకే మనకి తికమక. ఆ దెయ్యం కథ నింపాదిగానే నడుస్తుంది గానీ, చివరికి సేద తీరుతుందో ఏడుపొస్తుందో నాకు నమ్మకం లేదు.

పాత్రల మాటా ఇలాంటిదే. ‘క్యారెక్టర్ డ్రివెన్’ని కొందరు ‘పాత్రచోదిత’ అంటున్నారు, బండి తోలినట్టుంది. ‘పాత్రప్రధానం’ విమర్శలో ఎప్పటినుంచో ఉన్న మాట, అది చాలు. నేను చూసే గుర్తు ఒకటుంది. కథేంటి అని అడిగితే ‘ఒక యుద్ధం జరుగుతుంది’ అని మొదలుపెడితే కథాప్రధానం. ‘అందులో ఒక పిల్ల ఉంటుంది, ఎలాంటి పిల్లంటే...’ అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోతే పాత్రప్రధానం.

గుణింతం:
అయితే మా అమ్మ మాట పట్టుకోండి. కంగారు పడే ప్రతివాళ్లతో అనేది, ‘కొంపలేం మునగవులే’ అని. కొంపలు మునగని కథలు!

అరసున్న:
ఆహా. ఇది తెలుగు. ఇందులో ఇంకో సొగసుంది, గమనించండి. ఈ మాట మనం కొంపలు నిజంగా మునిగినప్పటికంటే మునగనప్పుడే ఎక్కువ వాడతాం. ‘ఏం కొంపలు మునిగాయని ఆ పరుగు?’ ‘రేపు చేస్తే కొంపలంటుకుంటాయా?’ అంటే ప్రశ్నలోనో లేదనడంలోనో బతికే పలుకుబడి. తక్కువ పణాన్ని చెప్పడానికే పుట్టినట్టుంది. మిన్ను విరిగి మీద పడటం కూడా ఉంది గానీ, దానికి ఇంత ఇంటి వాసన లేదు. నా ఓటు కొంపకే.

నకారపొల్లు:
నాదీ. మొదటిసారి మేష్టారితో ఏకీభవిస్తున్నాను, తేదీ రాసుకోండి.

వట్రసుడి:
దొరికేసింది! గుణింతం గారూ, అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ‘కొంపలు మునగని ఫాంటసీ’ అని అట్ట మీద వేసేస్తాను.

కొమ్ము:
ఒక్క నిమిషం. నాకది నచ్చలేదు.

మాట బాగానే ఉంది, కానీ అది ఎవరు ఎవరితో అనే మాట? పెద్దవాళ్లు మాతో అనేది. నా స్నేహితురాలు మూడు నెలలు మాట్లాడటం మానేస్తే ఇంట్లో అందరూ అదే అన్నారు. ఏం కొంపలు మునగలేదు, ఇంకొకళ్లు దొరుకుతారు అని. మునిగింది. నా కొంప. నేను ఆ మూడు నెలలూ ఇలాంటి పుస్తకాలే చదివాను. అవి నచ్చింది అందులో ఏమీ జరగదని కాదు. అందులో ఎవరూ ఎవరితోనూ ఆ మాట అనరని. చీపురు ఎగరడం లేదని ఒకమ్మాయి బాధపడితే, చుట్టూ ఉన్న పెద్దవాళ్లు కూర్చుని సీరియస్‌గా ఆ చీపురు గురించే మాట్లాడతారు.

వట్రసుడి అక్కా, మీ గ్రంథాలయం పిల్లతో ఎవరైనా ‘దెయ్యమే కదా’ అంటారా?

వట్రసుడి:
(గంట తర్వాత)

అంటారు. తొమ్మిదో అధ్యాయంలో, గ్రంథాలయం చూసుకునే పెద్దాయన అంటాడు. అనేవాడు. ఇప్పుడే కొట్టేశాను.

ఆ అధ్యాయంలో పిల్ల ఒక పొడుగాటి వాక్యం దగ్గర చిక్కుకుంటుంది. మిగిలింది పదకొండు పేజీలు. కామా ఉన్నచోటా లేనిచోటా ఆగి, ఊపిరి తీసుకుని, నీళ్లు తాగి, మళ్లీ మొదటికొచ్చి చదువుతుంది. దెయ్యానికి అర్థమవుతుంది. ఏమీ అనదు. ‘ఇవాళ కామాలు ఎక్కువున్నాయే’ అంటుంది, అంతే. ఆ తర్వాత పెద్దాయన వచ్చి ఓదార్పుగా ఒక మాట అనేవాడు, అది లేకపోతే దృశ్యం ముగిసినట్టు అనిపించేది కాదు నాకు. ఇప్పుడు ఆయన వచ్చి దీపం వత్తి కొంచెం పెంచి వెళ్లిపోతాడు.

నకారపొల్లు:
ఆ కామాల దెయ్యం బాగుంది. ఉత్కంఠ లేదన్న మాటలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం పుస్తకం వచ్చాక.

తలకట్టు:
కొమ్ము పట్టుకున్నది అసలు ముడి. ‘కొంపలు మునగని’ మనలో మనం ఈ రకం గురించి మాట్లాడుకోవడానికి భేషైన మాట, నేను వాడేస్తాను. కానీ అది ఒడ్డున నిలబడి చూసేవాళ్ల మాట. పుస్తకం నీళ్లలో ఉన్న పిల్ల పక్కన నిలబడింది కాబట్టి దాని అట్టకి సరిపడదు. ‘లో స్టేక్స్’కీ ఇదే లోపం ఉంది, పరాయి మాట కావడంతో మనకి గుచ్చుకోలేదు. లో అని కొలిచింది ఎవరు?

అరసున్న:
‘ఒడ్డున నిలబడి’ అన్నారు. పణం పెట్టడమూ ఒడ్డడమే, గట్టూ ఒడ్డే. ఊరికే అంటున్నాను, రెంటికీ చుట్టరికం అంటగట్టడం లేదు.

గుణింతం:
మా అమ్మకి ఇదంతా చదివి వినిపించాను. ‘ఆ పిల్ల చెప్పింది నిజమే, నీతో కూడా అలా అనకుండా ఉండాల్సింది’ అంది. ఇప్పుడు నేనేం చేయాలి?

వట్రసుడి:
అట్ట మీద రకం పేరు వేయడం మానేశాను. తలకట్టుగారన్నట్టు పోయేదేమిటో చెప్పి ఊరుకుంటాను. ఇలా రాశాను, చూడండి:

‘పదిహేనేళ్ల అమ్మాయి. పుస్తకం సగంలో ఉండగా పోయిన దెయ్యం. చదివి వినిపించడానికి ఒప్పందం కుదిరింది. లోకానికేం ఢోకా లేదు. పేజీలే అయిపోతున్నాయి.’

కొమ్ము:
కొంటాను.

అరసున్న:
బాగుందమ్మా. ‘పేజీలు’ బదులు ‘పుటలు’ అంటే ఇంకా బాగుండేదేమో.

వట్రసుడి:
మా దెయ్యం పేజీలనే అంటుంది మేష్టారూ.