సెక్యూరిటీ ప్యాచ్ పాతది, ప్లే సిస్టమ్ అప్‌డేట్ కొత్తది: ఈ ఫోన్‌లో యూపీఐ వాడొచ్చా?

నాన్నగారి ఫోన్ ఆండ్రాయిడ్ 12 దగ్గరే ఆగిపోయింది. 13 ఇస్తామని ఊరించిన కంపెనీ చివరికి ఆ మోడల్‌నే వదిలేసింది. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ ప్యాచ్ (భద్రతా లోపాలను సరిచేసే అప్‌డేట్) 2023 మార్చి అని ఉంది, గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్ మాత్రం ఈమధ్యదే. ఆండ్రాయిడ్ 10 నుంచి కొన్ని భాగాలను ఈ ప్లే సిస్టమ్ అప్‌డేట్ ద్వారా గూగుల్ నేరుగా అప్‌డేట్ చేస్తోందని తెలుసు. కానీ కెర్నెల్ (ఆండ్రాయిడ్‌కి పునాదిలాంటి భాగం), చిప్ డ్రైవర్ల (చిప్‌లను నడిపించే సాఫ్ట్‌వేర్) ప్యాచ్‌లు ఫోన్ కంపెనీయే పంపాలి కదా? కరెంటు బిల్లు నుంచి పాల లెక్క దాకా ఆయన అన్నీ యూపీఐలోనే కడతారు, అదీ నా టెన్షన్. కంపెనీ ఆండ్రాయిడ్ తీసేసి లీనియేజ్ ఓఎస్ (వాలంటీర్లు తయారుచేసే ఉచిత ఆండ్రాయిడ్) వేద్దామంటే, అందుకు బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ అవగానే ఓఎస్‌ని లోడ్ చేసే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేశాక కొన్ని బ్యాంకు యాప్‌లు మొరాయిస్తాయి. ఫోన్ మారుద్దామంటే ఆయన ససేమిరా అంటున్నారు (బ్యాటరీ ఇంకా రోజంతా వస్తోంది మరి!). ఇలాంటి ఫోన్‌తో నెట్టుకొస్తున్నవాళ్లు ఏం జాగ్రత్తలు తీసుకుంటున్నారు? దయచేసి చెప్పండి.