‘సరసము విరసము కొరకే’ అన్న పాదం పరిహాసాన్ని వద్దంటోందా?

జయనగర్ సభ్యురాలి ప్రశ్న:

పెద్దలందరికీ నమస్కారం. మన బెంగళూరు తెలుగు పాఠకులలో కొందరం ప్రతి ఉదయం ‘క్రేజీ క్యాట్’ అనే పాత అమెరికన్ కామిక్ స్ట్రిప్‌లో ఒక రోజు బొమ్మలను పంచుకుని, వాటి కింద మాటకు మాట అల్లుకుంటామని మీకు తెలుసు. నిన్నటి బొమ్మలో ఎలుక ఎప్పటిలాగే పిల్లి తల మీదికి ఇటుక విసిరింది. ‘ఆ ఇటుక మా వీధి కాలిబాట నుంచి ఊడినదే, గుర్తుపట్టాను’ అని ఒకరన్నారు. ‘అయితే పిల్లి దగ్గర రశీదు తీసుకోండి’ అని ఇంకొకరన్నారు. ‘తగిలిన తలను చూస్తే, మొన్న ఇక్కడ యతి తప్పిన వారి తల గుర్తుకొస్తోంది’ అని మూడో వారు రాశారు. ఆ వెంటనే ఒక పెద్దాయన ‘సరసము విరసము కొరకే’ అని ఒక్క పాదం మాత్రం రాసి ఊరుకున్నారు. అప్పటి నుంచి ఎవరూ నోరు మెదపలేదు. ఈ పద్యం నిజంగా మనల్ని మానుకోమని చెబుతోందా? ఇక్కడ ‘కొరకే’ అంటే ఏమిటి?

మల్లేశ్వరం సభ్యుని సమాధానం:

అమ్మా, మంచి ప్రశ్న అడిగారు. మన వాళ్లు ఈ పద్యంలో మొదటి పాదాన్ని మాత్రమే పట్టుకుని వాడటం నాకు ఎప్పటి నుంచో బాధ కలిగించే విషయం కనుక, కొంచెం విస్తరించి చెబుతాను. బద్దెన పేరుతో ప్రచారంలో ఉన్న సుమతీ శతకంలోని పూర్తి పద్యం ఇది:

సరసము విరసము కొరకే
పరిపూర్ణ సుఖంబు లధిక బాధల కొరకే
పెరుగుట విరుగుట కొరకే
ధర తగ్గుట హెచ్చు కొరకె తథ్యము సుమతీ

‘కొరకు’ అన్న మాటను మనం ఈనాడు ఉద్దేశం చెప్పడానికే వాడుతున్నాం కాబట్టి, సరసమాడేవాడు విరసం కలిగించాలనే ఆడుతున్నాడన్న అర్థం మొదటి పాదంలో స్ఫురిస్తుంది. నాలుగో పాదం దాకా చదివితే ఆ అర్థం నిలవదు. ధర ఏ ఉద్దేశంతోనూ తగ్గదు, పెరగాలన్న కోరిక ధరకు ఉండదు. చెట్టు విరగాలని పెరగదు. ఒక స్థితి తరవాత దానికి ఎదురైన స్థితి వచ్చి తీరుతుందని చెప్పడానికే కవి ‘కొరకు’ను ఇక్కడ వాడాడు. అందుకే చివర ‘తథ్యము’ అన్నాడు. అది జరిగే సంగతిని నిర్ధారించే మాట. చేయవద్దని ఆదేశించే మాట కాదు.

మొదటి మూడు పాదాలూ మంచి నుంచి చెడ్డకు దిగుతున్నాయని, నాలుగో పాదం మాత్రం తగ్గడం నుంచి హెచ్చడానికి ఎక్కుతోందని గమనించండి. దిగుడు మాత్రమే చెప్పి పాఠకుణ్ణి బెదిరించాలని కవి అనుకుని ఉంటే ధర హెచ్చి తగ్గుతుందని రాయడానికి ఏమీ అడ్డు లేదు. అతడు చక్రాన్ని రెండో వైపు కూడా తిప్పి చూపించాడు. నా దృష్టిలో ఈ పద్యానికి ప్రాణం ఆ నాలుగో పాదంలోనే ఉంది. మనం మాత్రం దానినే వదిలేసి, మొదటి పాదాన్ని ఎదుటివారి నోరు మూయించడానికి వాడుకుంటున్నాం.

ఛందస్సు కోసం ఒక్క మాట. మొదటి మూడు పాదాలలో ‘కొరకే’ అని దీర్ఘం ఉంది, నాలుగో పాదంలో ‘కొరకె’ అని హ్రస్వం ఉంది. ఇది అచ్చుతప్పు కాదు. కందపద్యంలో రెండో, నాలుగో పాదాలలోని మూడో గణం నలము (నాలుగు లఘువులు) గానీ జగణం (లఘువు, గురువు, లఘువు) గానీ కావాలి. ‘చ్చు కొరకె’ అన్నప్పుడు నాలుగు లఘువులతో నలము కుదురుతుంది, దీర్ఘం పెడితే గణం చెడుతుంది. పిల్లలకు నేర్పేటప్పుడు కూడా దయచేసి హ్రస్వంగానే పలికించండి.

ఇదే శతకకర్త నిషేధించదలచుకున్నప్పుడు ఎంత స్పష్టంగా నిషేధిస్తాడో చూడండి:

నవ్వకుమీ సభలోపల
నవ్వకుమీ తల్లిదండ్రి నాథులతోడన్
నవ్వకుమీ పరసతితో
నవ్వకుమీ విప్రవరుల నయమిది సుమతీ

నాలుగు పాదాలలో నాలుగుసార్లు ‘నవ్వకుమీ’ అని వ్యతిరేక విధిరూపం పెట్టాడు. వద్దనడానికి అతని దగ్గర ఇంత సూటి అయిన మాట ఉంది. ‘సరసము విరసము కొరకే’ పద్యంలో అలాంటి క్రియ ఒక్కటి కూడా లేదు. ఆ మాటకొస్తే క్రియే లేదు.

హెబ్బాళ సభ్యుని అభ్యంతరం:

మాష్టారు చెప్పింది బాగుంది కానీ, నాకు రెండు సందేహాలు ఉన్నాయి. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ‘కొఱకు’, ‘కై’ అన్నవి చతుర్థీ విభక్తి ప్రత్యయాలు. ఈ విభక్తికి ప్రయోజనార్థమే ప్రధానం. అదీగాక ‘కొరకే’లో చివరనున్న ఏకారం అవధారణార్థకం, అంటే ‘కొరకు మాత్రమే’ అని. ఈ రెండూ కలిపితే సరసం విరసానికి తప్ప ఇంక దేనికీ పనికిరాదన్న అర్థమే వస్తుంది కదా? నిన్న బాధపడిన పెద్దాయన మనసు కూడా మనం గమనించాలి. యతి తప్పింది ఆయన పద్యంలోనే.

మల్లేశ్వరం సభ్యుడు:

వ్యాకరణం మీరు చెప్పినట్లే ఉంది, దానిని నేను కాదనను. అయితే అవధారణను ‘మాత్రమే’ అన్న అర్థంలోనే తీసుకోవాలన్న నియమం లేదు, ‘తప్పక’ అన్న అర్థంలోనూ అది వస్తుంది. ‘పుట్టుట గిట్టుట కొరకే’ అని మన ఇళ్లలో పెద్దవాళ్లు అంటూనే ఉంటారు. ఆ మాట విని పుట్టడం మానుకోవాలని గానీ, చావు తప్ప పుట్టుకకు వేరే ప్రయోజనం లేదని గానీ ఎవరూ అర్థం చేసుకోరు. పుట్టినవాడికి గిట్టక తప్పదని మాత్రమే అర్థం చేసుకుంటారు. ‘పెరుగుట విరుగుట కొరకే’ అన్నది కూడా అదే తీరులో సామెతగా స్థిరపడిపోయింది. నుడికారం ఇలా కుదురుకున్న చోట విభక్తి అర్థాన్ని ఒక్కదానినే పట్టుకుంటే లోకంలో లేని అర్థం వస్తుంది.

ఆ పెద్దాయన మనసు గురించి మీరు అన్నది ఇంతకంటే ముఖ్యం. దానికి జవాబు కూడా ఈ శతకంలోనే ఉంది:

ఎప్పటి కెయ్యది ప్రస్తుత
మప్పటి కా మాటలాడి యన్యుల మనముల్
నొప్పింపక తానొవ్వక
తప్పించుక తిరుగువాడు ధన్యుడు సుమతీ

ఇక్కడ ‘ప్రస్తుతము’ అంటే ఈనాటి వాడుకలోలాగా ‘ఇప్పుడు’ అని కాదు, సందర్భానికి తగినది అని. మూడో పాదంలో నొప్పించు, నొచ్చు అన్న రెండు క్రియలను కవి పక్కపక్కన పెట్టాడు. ‘నొవ్వక’ అన్నది ‘నొచ్చు’కు వ్యతిరేకరూపం. పరాచికమాడేవాడికి ‘నొప్పింపక’ అన్న బాధ్యతను, వినేవాడికి ‘తానొవ్వక’ అన్న బాధ్యతను సమానంగా పంచిన పాదం ఇది. పరిహాసం ఎక్కడ దాకా వెళ్లాలో కొలవవలసి వస్తే నేను ఈ పద్యంతోనే కొలుస్తాను. నిన్నటి మొదటి రెండు మాటలూ ఇటుక మీదా పిల్లి మీదా ఉన్నాయి, వాటిని విని అందరూ నవ్వారు. మూడో మాట బొమ్మను వదిలి మనలో ఒకరి తల మీదికి వచ్చింది. తగినది తప్పింది అక్కడే. ఆ మాట రాసిన వారు ఆ పెద్దాయనకు స్వయంగా ఫోను చేసి మాట్లాడాలని నా మనవి, ఇక్కడ పదిమందిలో క్షమాపణ రాస్తే ఆయనకు ఇంకా ఇబ్బందిగా ఉండవచ్చు.

మన అవధాన సంప్రదాయంలో పరిహాసం కోసం ఒక ఆసనమే వేశారు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి పనే అవధాని ఏకాగ్రతను మాటలతో చెదరగొట్టడం. అతడు ఎంత అల్లరి ప్రశ్న వేసినా సభ నవ్వుతుంది, అవధాని చమత్కారంగా తిప్పికొడతాడు, పద్యం ముందుకు సాగుతుంది. అవధాని ధారణను అతడు పరీక్షిస్తాడు గానీ అవధాని మనసును గాయపరచడు. గాయపరిస్తే ఆ సభ రక్తి కట్టదు.

జయనగర్ సభ్యురాలు:

ఆ కామిక్ స్ట్రిప్ కథ తెలియని వారి కోసం ఒక వివరణ చేరుస్తాను. దానిని జార్జ్ హెరిమన్ గీశాడు. 1913లో దినపత్రికలో సొంత స్ట్రిప్‌గా మొదలై, 1944లో ఆయన మరణంతో ముగిసింది. ఇగ్నాట్జ్ అనే ఎలుక పిల్లిని ఇటుకతో కొడుతుంది. పిల్లి దానిని ప్రేమకు గుర్తుగా స్వీకరించి మురిసిపోతుంది. పిల్లిని ప్రేమించే పోలీసు కుక్క ఎలుకను జైలులో పెడుతుంది. ముప్పై ఏళ్లు దాటి ఇదే కథను ఆయన విసుగు పుట్టకుండా గీశాడు. కథ జరిగే కొకోనినో అన్నది అరిజోనా రాష్ట్రంలో నిజంగా ఉన్న ప్రాంతమే, అయితే బొమ్మలో ఒక గడి నుంచి ఇంకో గడికి వెళ్లేసరికి అక్కడి కొండలూ చెట్లూ మారిపోతుంటాయి.

ఇంగ్లీషు పాఠకులు ఆ పిల్లి ఆడదా మగదా అని నూరేళ్లుగా చర్చిస్తున్నారు, ఎందుకంటే రచయిత దానిని తేల్చి చెప్పలేదు. మనం మాత్రం తెలుగులో పిల్లిని ‘అది’ అనుకుని రోజూ హాయిగా మాట్లాడుకుంటున్నాం. నాకు ఇది ఎంతో ముచ్చటగా అనిపిస్తుంది.

మాష్టారూ, నన్ను ఒక్క సంగతి ఆలోచింపజేస్తోంది. ఈ పిల్లి మన పద్యాన్ని తిరగేసింది కదా? ఎలుక చేసేది విరసం, పిల్లికి అందేది సరసం.

బసవనగుడి సభ్యుడు:

మన ఊళ్లో ఉండి కన్నడ కవి బేంద్రే మాటను తలుచుకోకుండా ఈ చర్చ ముగించకూడదు. ‘సరస జనన, విరస మరణ, సమరసవే జీవన’ అని కన్నడిగుల నోట నిత్యం వింటూనే ఉంటాం. అక్కడ కూడా సరసం, విరసం జంటగానే వచ్చాయి, అయితే మూడో మాటను ఆయన అదనంగా చేర్చాడు. సుమతీ శతకకారుడు ధర హెచ్చుతగ్గులతో సూచించిన దానిని బేంద్రే ‘సమరస’ అని పేరు పెట్టి చెప్పాడని నేను అనుకుంటాను.

మల్లేశ్వరం సభ్యుడు:

బేంద్రే మాటకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను, అయితే రెండూ ఒకటేనని అనలేను. శతకకారుడు చెప్పినది ఒకటి పోయి ఒకటి వచ్చే వరుసను, బేంద్రే చెప్పినది రెండింటినీ కలుపుకున్న స్థితిని.

మన సోదరి పిల్లిని గురించి అన్న మాట నాకు చాలా నచ్చింది. పిల్లి ‘తానొవ్వక’ అన్న సగాన్ని సంపూర్ణంగా పాటిస్తోంది, ఎలుక ‘నొప్పింపక’ అన్న సగాన్ని బొత్తిగా పాటించడం లేదు. అయితే మనుషులం అందరం పిల్లి అంత ఉదారంగా ఉండలేం కాబట్టి, ఎదుటివారు నొచ్చుకోరులే అన్న ధీమాతో మనం ఇటుక విసరకూడదు. సోదరి మాటలో సమస్యాపూరణకు చక్కని పాదం ఉంది. ‘విరసము సరసము కొరకే’ అన్నా గణాలు చెడవు, ప్రాస కూడా రేఫమే. కందంలో మొదటి పాదంగా దీనిని సభ్యులకు ఇస్తున్నాను. రేపటి బొమ్మ వచ్చేలోగా పూరించండి.

హెబ్బాళ సభ్యుడు:

నా పూరణ ఇది. పెద్దలు పరిశీలించగలరు.

విరసము సరసము కొరకే
కరమున విసిరిన యిటుకయె కానుక సుమ్మీ
మురిసెడు పిల్లికి నలుకలు
దరి చేరవెలుక దుడుకుగ దాడులు సేయన్

మల్లేశ్వరం సభ్యుడు:

రెండో పాదంలో క, కా యతి, నాలుగో పాదంలో ద, దా యతి చక్కగా పడ్డాయి. రెండు చోట్లా మూడో గణం నలమే. ‘ఇటుకయె కానుక’ అన్న చోట ఆ కథ మొత్తం వచ్చేసింది. నిన్నటి పెద్దాయనకు కూడా ఈ సమస్యను పంపుతున్నాను, కందం నడకలో ఆయన చేయి మనందరికంటే మెరుగు.