వి.వి. గిరి గారి సంతకం: బాధ్యత ఆయనదా, సలహా ఇచ్చినవాళ్ళదా?

కోటవీధి, బొబ్బిలి
మొన్న మా అరుగు మీద మాటామాటా పెరిగింది, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. మా బొబ్బిలిలో గిరి గారంటే 1937 గుర్తొస్తుంది. అప్పుడు మద్రాసు ప్రధానిగా (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) ఉన్న మా రాజా గారినే ఎన్నికల్లో ఓడించిన కార్మిక నాయకుడు. రాష్ట్రపతి అయ్యాక మాత్రం ‘రబ్బరు స్టాంపు’ అని ఒక్క మాటలో కొట్టిపారేస్తారు. ఆ మాట నాకు నచ్చదు. స్టాంపుకి ఇష్టాయిష్టాలు ఉండవు, గిరి గారికి ఉండేవి. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును (తీర్పును) కేబినెట్ మార్చిందని 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవి వదిలేసుకున్న మనిషి ఆయన. అలాంటాయన 1973 ఏప్రిల్‌లో షెలత్, హెగ్డే, గ్రోవర్ అనే ముగ్గురు సీనియర్ సుప్రీంకోర్టు జడ్జీలను దాటించి ఎ.ఎన్. రే గారిని ప్రధాన న్యాయమూర్తిని చేసే కాగితం మీద సంతకం పెట్టారు. కాదనడం తెలిసిన మనిషి కాదనకపోతే బాధ్యత ఆయనదే అంటాను.

పాలకొండ రోడ్డు (బ్యాంకు రిటైర్డ్)
అయితే 1969 జులై 19 సంతకం మాటేటి బాబూ? 50 కోట్లకు మించి డిపాజిట్లున్న 14 బ్యాంకులు ఆ రోజు ప్రభుత్వపరం అయ్యాయి. అప్పటికి ఆయన తాత్కాలిక రాష్ట్రపతి. అదీ సలహా మీద పెట్టిన సంతకమే. అంతకుముందు మా ఊళ్ళో అప్పంటే షావుకారే. పుస్తెలతాడు తప్ప మా అమ్మ ఒంటి మీదవన్నీ ఆయన పెట్టెలోకి వెళ్ళొచ్చినవే. తర్వాత కొన్నేళ్ళకి ఊరికి బ్యాంకొచ్చింది. పెంకుటింటి ముందుగది, ఒక ఇనప బీరువా, అంతే. మా నాన్నకి సంతకం రాదు. మేనేజరు గారే ఆయన ఎడమ బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది, ఫారం మీద వేయించి, గుడ్డతో తుడిచారు. ఊడ్పుల ఖర్చుకిచ్చిన ఆ డబ్బుని నాన్న బయట అరుగు మీద కూర్చుని మూడుసార్లు లెక్కపెట్టాడు. ఆ ఆలోచన వెనక ఇందిర గారి కార్యదర్శి హక్సర్ లాంటివాళ్ళు ఉన్నారు, నిర్ణయం ఇందిర గారిది. మంచి జరిగితే సలహాదారులకి పేరు, చెడు జరిగితే సంతకానికి నిందా?

విజయనగరం వకీలు
ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. మంత్రులు రాష్ట్రపతికి ఏం సలహా ఇచ్చారో ఏ కోర్టూ విచారించకూడదని రాజ్యాంగం 74వ అధికరణంలోనే ఉంది. సంతకం అందరికీ కనబడుతుంది, గదిలో మాటలు కనబడవు.

ఇక మంత్రుల సలహా రాష్ట్రపతి చేతులు కట్టేస్తుందన్న వాదన. సలహాకి కట్టుబడాలని రాజ్యాంగంలో స్పష్టంగా రాసింది 1976లో, 42వ సవరణతో. గిరి గారు 1974 ఆగస్టుకే దిగిపోయారు. కానీ అంతకుముందూ పద్ధతి అదే, షంషేర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. అసలు నిలదీయాల్సింది గిరి గారి తర్వాత రాష్ట్రపతి అయిన ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారిని. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ మీద సంతకం పెట్టారు, కేబినెట్ కూర్చుంది మర్నాడు పొద్దున్న. అంటే సంతకం నాటికి ప్రధాని ఉత్తరం తప్ప మంత్రిమండలి సలహా అన్నదే లేదు! 44వ సవరణలో కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా రావాలని పెట్టింది అందుకే. ఈ ఇద్దర్నీ ఒకే గాటన కట్టకండి.

కోటవీధి, బొబ్బిలి
బాబాయ్, మీ నాన్నగారి వేలిముద్ర దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆ సంతకానికి నేనూ దండం పెడతాను. కానీ తేదీ చూడండి. 19 శనివారం. సోమవారం పార్లమెంటు మొదలు. మధ్యలో ఆదివారం నాడు గిరి గారు ఆ తాత్కాలిక పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికల బరిలోకి దిగారు. కాంగ్రెస్ అభ్యర్థి సంజీవరెడ్డి గారైనా, ఇందిర గారు అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటెయ్యమన్నారు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెడితే గానీ గిరి గారు గట్టెక్కలేదు. ఎవరి దయతో గెలిచారో వాళ్ళ సలహానే రేపు తూచాలంటే ఎంత కష్టం! 1970లో రాజభరణాల (మాజీ సంస్థానాల రాజులకి ప్రభుత్వం ఇచ్చే భత్యాల) రద్దు బిల్లు రాజ్యసభలో వీగిపోతే, రాష్ట్రపతి ఉత్తర్వుతో రాజుల గుర్తింపు తీసేశారు. డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. రాజభరణాలు పోవాల్సిందే, నాకూ అందులో తేడా లేదు. కానీ ఒక సభ కాదన్నదాన్ని కలంతో చెయ్యమన్నప్పుడు ‘ఇంకోసారి ఆలోచించండి’ అనొచ్చు కదా?

పాలకొండ రోడ్డు (బ్యాంకు రిటైర్డ్)
అనలేదని నీకెలా తెలుసు? ఆ గది మనకి కనబడదని వకీలు గారు ఇప్పుడే చెప్పారు కదా.

కోటవీధి, బొబ్బిలి
నిజమే బాబాయ్, అది నేను తేల్చలేను. 1973 సంగతి మాత్రం వదల్లేకపోతున్నాను. తన ఎన్నిక మీద కేసు పడితే, రాష్ట్రపతిగా ఉంటూనే 1970లో సుప్రీంకోర్టు ముందు స్వయంగా సాక్ష్యం చెప్పిన మనిషి ఆయన. ఆ కోర్టంటే ఏమిటో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. సుమారు మూడేళ్ళకే ఆ సంతకం పెట్టారు. అదే నాకు మింగుడుపడదు.