పెట్రోల్ ఇంజన్‌కి టర్బో పెట్టడం నేర్చుకోవాలి, దారి చెప్పండి

అందరికీ నమస్కారం. మాది కావలి. మా బాబాయి షెడ్డులో పనిచేస్తాను. హెడ్ దించడం, వాల్వులు సెట్ చేయడం వచ్చు. ఇప్పుడు పాత స్విఫ్ట్ 1197 సీసీ పెట్రోల్ ఇంజన్‌కి టర్బో పెట్టడం నేర్చుకోవాలని చాలా పట్టుదలగా ఉన్నాను.

సూత్రం తెలుసు. సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ టర్బైన్‌ని తిప్పుతుంది, అదే షాఫ్ట్ అవతలి కొసనున్న కంప్రెసర్ గాలిని ఒత్తి ఇంజన్‌లోకి తోస్తుంది. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి. నా టెన్షన్ అంతా అక్కడే: కంపెనీ ఈసీయూలో (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌లో) ఆ లెక్క ఉండదు, మిశ్రమం పలచబడితే (గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైతే) నాకింగ్, అంటే సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి పేలడం, వచ్చి పిస్టన్లే పోతాయి. పైగా రోహిణీ కార్తెలో మా హైవే మీద గాలి నిప్పులా ఉంటుంది. టర్బో ఒత్తిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఎంత సైజు వేయాలి?

పాత సామాన్లలో దొరికిన డీజిల్ కారు టర్బో ఒకటి విప్పి చూశాను. షాఫ్ట్ వేలితో తిప్పితే హాయిగా తిరుగుతోంది, పక్కకి కదిపితే మాత్రం కాస్త ఆడుతోంది. ఎంతవరకు ఆడొచ్చు? పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు మార్చకుండా 0.4 బార్ బూస్ట్ (టర్బో ఇచ్చే అదనపు గాలి ఒత్తిడి) ఇంజన్ తట్టుకుంటుందా? ఈసీయూ ట్యూనింగ్ నెల్లూరు, ఒంగోలు వైపు ఎవరైనా నేర్పుతారా, చెన్నై వెళ్లాల్సిందేనా? ఆర్టీవో అనుమతి గురించి తెలిసినవాళ్లు కూడా దయచేసి చెప్పండన్నా.