ఆక్సెల్ ఫోలీకి తనవాళ్లెవరు? ఎడ్డీ మర్ఫీ రోజుల సినిమాలపై చర్చ

మ్యాట్నీరీలు:
పోయిన వారం వరసగా నాలుగు రాత్రులు పాత సినిమాలు పెట్టుకుని కూర్చున్నా. ‘48 అవర్స్’ (1982), ‘బెవర్లీ హిల్స్ కాప్’ (1984), ‘కమింగ్ టు అమెరికా’ (1988), ‘ఫ్రైడే’ (1995). నల్లజాతి హీరోకి హాలీవుడ్ తలుపులు తెరిచింది ‘బెవర్లీ హిల్స్ కాప్’ అని అందరం చెప్పుకుంటాం. నాకిప్పుడు అలా అనిపించడం లేదు. ఆ తలుపు ఎడ్డీ మర్ఫీ ఒక్కడికే తెరుచుకుంది, ఆయన వెనకాలే మూసేశారు.

ఒకసారి గమనించండి. అందులో మర్ఫీ వేసిన డెట్రాయిట్ పోలీసు ఆక్సెల్ ఫోలీకి అమ్మానాన్నలు కనిపించరు. ప్రేమించిన మనిషి లేదు. ప్రాణస్నేహితుడు మైకీ తెల్లవాడు. బెవర్లీ హిల్స్‌లో సాయం చేసే జెన్నీ తెల్లమ్మాయి, వెంట తిరిగే అక్కడి పోలీసులు రోజ్‌వుడ్, టాగర్ట్ కూడా తెల్లవాళ్లే. ఆయనొచ్చిన డెట్రాయిట్‌లో 1980 నాటికే సగానికి పైగా జనం నల్లవాళ్లు. ఆ ఊరి నుంచి కథలోకి వచ్చిన నల్లజాతి మనిషంటూ చెప్పుకోవాలంటే, ఆయన్ని తిట్టే పై అధికారి టాడ్ ఒక్కడే.

‘ఫ్రైడే’లో అంతా తలకిందులు. ఉద్యోగం పోయిన హీరో క్రెయిగ్ అరుగు మీద కూర్చుంటాడు, ఆ నల్లవాళ్ల వీధి మొత్తం ఆయన దగ్గరికే నడిచొస్తుంది. నాన్న, అమ్మ, తోబుట్టువు, పక్కింటివాళ్లు, సైకిల్ లాక్కుపోయే వీధి రౌడీ డీబో. నా లెక్కలో అసలు మలుపు అది.

గోలీసోడా:
అన్నా, ఇందులో సగం ఒప్పుకుంటా, సగం అస్సలు ఒప్పుకోను. ‘బెవర్లీ హిల్స్ కాప్’లో హోటల్ సీన్ మర్చిపోయావా? చిరిగిన జీన్స్, మాసిన చొక్కాతో కౌంటర్ దగ్గరికి వస్తాడు. గది లేదంటారు. మైఖేల్ జాక్సన్‌ని ఇంటర్వ్యూ చేయడానికొచ్చిన విలేకరినని అబద్ధం చెప్పి, నల్లవాణ్నని గది ఇవ్వడం లేదంటూ లాబీ అంతా వినపడేలా అరుస్తాడు. చివరికి మామూలు గది రేటుకే పెద్ద సూట్ తీసుకుంటాడు. తెల్లవాళ్ల సిగ్గుని తాళంచెవి చేసుకుని తలుపు తీశాడు. 1984లో, అమెరికా, కెనడాల్లోనే 23 కోట్ల డాలర్లు దాటిన సినిమాలో, ఆ మాట నవ్విస్తూ చెప్పడం చిన్న విషయమా?

ఇంకోటి. ఆ పాత్ర ముందు సిల్వెస్టర్ స్టాలోన్‌ది. ఆయన తప్పుకున్నాక, షూటింగ్ దగ్గర పడ్డాక మర్ఫీ చేతికొచ్చింది. ఆ హడావుడిలో కుటుంబం ఎవరు రాస్తారు?

మ్యాట్నీరీలు:
హడావుడి అన్నది మొదటి భాగానికి సరే. 1987లో వచ్చిన రెండో భాగంలో తీరుబడి ఉంది, డబ్బుంది, మర్ఫీ మాటకి ఎదురులేదు. అయినా ఆయనకో ఇల్లాలు గానీ తోబుట్టువు గానీ దొరకలేదు.

అట్లాంటా_పిన్ని:
‘కమింగ్ టు అమెరికా’ని మీరిద్దరూ వదిలేశారేం? నేనుండే ఊళ్లో నా పక్క సీటావిడ, ఆఫ్రికన్ అమెరికన్, ఇంట్లో ముగ్గురు పిల్లలు. థాంక్స్‌గివింగ్‌కి పిలిస్తే వెళ్లాను. భోజనాలయ్యాక ఆ సినిమా పెట్టారు. బార్బర్ షాపు సీన్ వచ్చేసరికి తాతగారి నుంచి చిన్నపిల్ల దాకా డైలాగులన్నీ ముందే చెప్పేస్తున్నారు. మన ఇళ్లలో ‘మాయాబజార్’ చూసినట్టే. ఆ షాపులో ముసలి యూదు పెద్దాయనగా మేకప్‌లో ఉన్నది కూడా మర్ఫీయేనని ఆవిడ చెప్తే గానీ నాకు తెలియలేదు. అది ఒంటరి హీరో సినిమా కాదు నాయనా. రాజు, రాణి, పిల్ల తండ్రి, సంబంధం మాట్లాడుకోవడం, అన్నీ ఉన్న యువరాజు పెళ్లి కథ.

అయితే మ్యాట్నీరీలుకి బలమిచ్చే విషయమూ అందులోనే ఉంది. ఒక తెల్ల నటుడైనా ఉండాలని స్టూడియో పట్టుబట్టబట్టే లూయీ ఆండర్సన్‌ని తీసుకున్నామని మర్ఫీ, అందులో తోటి నటుడు ఆర్సీనియో హాల్ 2021లో ఒక టీవీ షోలో చెప్పారు. అప్పటికి మర్ఫీ అమెరికాలోకెల్లా పెద్ద స్టార్లలో ఒకడు. ఆయనకే ఆ షరతు.

ఇక ఆడవాళ్ల సంగతి ఒక్కరూ ఎత్తలేదు. 1973లోనే ‘కాఫీ’లో పామ్ గ్రియర్ తుపాకీ పట్టి సినిమా మొత్తం తనే నడిపింది. మీరు మెచ్చుకునే 80ల యాక్షన్ కామెడీల్లో నల్లజాతి స్త్రీకి క్లబ్బులో డాన్సు, నాలుగు డైలాగులు. 1996లో ‘సెట్ ఇట్ ఆఫ్’ వచ్చింది. నలుగురు ఆడవాళ్లు, బ్యాంకు దోపిడీలు. 90 లక్షల డాలర్లతో తీస్తే 4 కోట్లకు పైగా తెచ్చింది. మీ జాబితాలో అది లేకపోవడం నాకు బాధగా ఉంది.

రెండోఆట:
‘బ్యాడ్ బాయ్స్’ (1995) మాటేంటి? ఇద్దరు హీరోలూ నల్లవాళ్లే, పక్కన తెల్ల జోడీ లేడు. ముందు తెల్ల నటులు డేనా కార్వీ, జాన్ లోవిట్జ్ కోసం అనుకున్న కథ అది. విల్ స్మిత్, మార్టిన్ లారెన్స్ చేస్తే ప్రపంచమంతా 14 కోట్ల డాలర్లు తెచ్చింది. జనం చూడరన్న సాకు అక్కడే పోయింది.

గోలీసోడా:
పిన్నిగారూ, ‘సెట్ ఇట్ ఆఫ్’ విషయంలో తప్పు మాదే. చూశాను, అయినా గుర్తు రాలేదు. దాన్ని తీసిందీ ‘ఫ్రైడే’ తీసిన గ్యారీ గ్రేనే.

కానీ అన్నా, ‘48 అవర్స్’ బార్ సీన్ ఇంకోసారి చూడు. కౌబాయ్ టోపీలు, గోడ మీద బానిసత్వం కోసం పోరాడిన అమెరికా దక్షిణ రాష్ట్రాల జెండా. మర్ఫీకి అప్పటికి 21 ఏళ్లు, అదే మొదటి సినిమా. గ్లాసు విసిరి అద్దం పగలగొట్టి అందరినీ నిలబెట్టేస్తాడు. ఆ ధీమా లేకపోతే నీ ‘ఫ్రైడే’కి ఎవరు డబ్బు పెట్టేవాళ్లు?

మ్యాట్నీరీలు:
తమ్ముడూ, నిన్న రాత్రి చూశాను. ఒళ్లు గగుర్పొడిచింది, దాచను. అయితే అందులో ఆయన ఖైదీ, ఆ సీన్‌లో ఆయన చేతిలో ఉన్న బ్యాడ్జి పోలీసుగా వేసిన నిక్ నోల్టీది, అరువు తెచ్చుకున్నది. నలభై ఎనిమిది గంటలయ్యాక మళ్లీ జైలుకే వెళ్లాలి. హోటల్లో అరుపూ అలాంటిదే. పక్కన నిలబడేవాడు ఒక్కడూ లేడు కాబట్టి గొంతొక్కటే ఆయుధం.

‘ఫ్రైడే’లో క్రెయిగ్ చేతికి తుపాకీ వస్తుంది. నాన్న పిడికిలి చూపించి, మా రోజుల్లో ఇదే ఉండేదిరా అంటాడు. చివర్లో డీబో ఎదురుపడ్డప్పుడు క్రెయిగ్ గురిపెట్టి కూడా ఆ నాన్న మాట విని తుపాకీ కింద పెట్టేస్తాడు. ఆ మాట చెప్పడానికి ఆక్సెల్ ఫోలీకి ఎవరున్నారు? నా బాధంతా అదే.

పిన్నిగారూ, ఆడవాళ్ల గురించి మీరన్నదానికి నా దగ్గర జవాబు లేదు. ఈ శనివారం ‘కాఫీ’ చూసి, ఆదివారం ఇక్కడే రాస్తాను.